వెండి సెమ్మెకు ఐదో కొమ్మ

మొగాదోర్,
ఆదివారం పొద్దున.

నా చిన్నారి ఫ్రెహాకు,

అమ్మ నీ తల నిమిరి రాస్తున్నది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. కాసాబ్లాంకాలో నువ్వూ నీ పెనిమిటీ కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. నా దగ్గు తగ్గింది. గాలి తగ్గలేదు, ఈ ఊళ్లో అది ఎప్పుడు తగ్గింది గనక. ఊరేసిన నిమ్మకాయలు బూజు పడుతున్నాయని రాశావు. ఉప్పు దగ్గర పిసినారితనం చేసి ఉంటావు, అచ్చం మీ తామో అత్త పోలిక. నాన్న నా పేరు ఎప్పుడైనా ఎత్తుతున్నారా అని కూడా అడిగావు. ఆ సంగతి చివర్లో చెబుతాను, ముందు ఇది విను.

మన వెండి సెమ్మె కోసం రబాత్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మస్యూ దెల్మా అట. పాతకాలపు సొగసైన వస్తువులన్నీ పోగేసి అద్దాల బీరువాల్లో పెడుతున్నారట. మీ ముత్తాత టీ పెట్టెలతో పాటు లండన్ నుంచి తెచ్చిన సెమ్మె గదా, దాని ద్రాక్షతీగలూ సింహం పాదాలూ చూసి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. బీరువా కింద రేకు మీద మన ఇంటిపేరు చెక్కిస్తామనేసరికి మీ నాన్న ఉబ్బిపోయారు.

అంతలో ఆయన వేలు ఐదో కొమ్మ మీద ఆగింది. "ఇది తర్వాత ఎవరో అతికించింది. మోటుపని. కోయించేస్తే అసలు రూపం వస్తుంది," అన్నాడు.

"కోయించండి," అన్నారు మీ నాన్న, చేతిలో టీ గ్లాసు దించకుండానే.

ఆలుమగలకు రెండు, మీ అన్నలకు చెరొకటి, శుక్రవారం సాయంత్రం వెలిగించే నాలుగు కొవ్వొత్తులకు ఆ సెమ్మె సరిపోయేది. ఇక పిల్లలు పుట్టరనుకున్న వయసులో నువ్వు పుట్టావు. అప్పుడు దాన్ని చంకన పెట్టుకుని కంసాలి మెస్సోద్ దగ్గరికి పరిగెత్తింది మీ నాన్నే. మెస్సోద్‌కు ద్రాక్షతీగ చేతకాక బాదంపూలు చెక్కాడు, కొమ్మ కాస్త వంకరగా కూడా వచ్చింది. ఆ వంకరకే మురిసిపోయి వీధంతా చూపించుకొచ్చారు. అదే మనిషి, నువ్వు ఫిడేలు వాయించేవాణ్ణి చేసుకుని వెళ్లిన రోజున, ఆ కొమ్మలో ఇక కొవ్వొత్తి పెట్టొద్దన్నారు. పెట్టొద్దంటే పెట్టలేదు. కోయిస్తామంటే మాత్రం నా ఒళ్లు మండింది.

"నా కూతురి చోటు కోయించడానికి మీరెవరండీ?" అని ముఖం మీదే అడిగాను.

"మాటిచ్చేశాను. శుక్రవారం బండి వస్తుంది," అన్నారు.

"పోనిద్దూ వదినా, ఇత్తడిది ఇంకోటి కొనుక్కుంటే పోలా?" అంది మీ తామో అత్త.

"ముందు నీ బంగారు గాజులు తీసేసి ఇత్తడివి తొడుక్కో, తర్వాత చూద్దాం," అన్నాను. అప్పట్నుంచి మూతి ముడుచుకుని తిరుగుతోంది.

ఇక నీకొక్కదానికే చెబుతున్నాను. శుక్రవారం, మర్నాటి సబ్బాతు విశ్రాంతిరోజుకు తినే కుండను పెందలాడే వీధి పొయ్యింటికి పంపేశాను. స్నానం చేసి, తెల్ల దుప్పటి పరిచి, ఎండ ఇంకా కోటగోడ మీద ఉండగానే కొవ్వొత్తులు వెలిగించాను. ఐదూ. కళ్లు మూసుకుని ప్రార్థన చదివానుగానీ, నేను వెలిగించింది దేవుడి కోసం కాదు తల్లీ, మీ నాన్న చేతులు కట్టెయ్యడానికి. తప్పే కావచ్చు. మళ్లీ చెయ్యమన్నా చేస్తాను.

దెల్మా గడ్డి పరిచిన పెట్టెతో వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఇవి ఆర్పించండి."

"ఒకసారి వెలిగాక రేపు చుక్కలు పొడిచేదాకా మా యూదులెవరూ ఆర్పకూడదు, కదపకూడదు."

"నాకా నియమం లేదుగా," అంటూ చెయ్యి చాపాడు.

నేను అడ్డం నిలబడ్డాను. నా తలగుడ్డ అంటుకున్నా జరగనన్నాను. అప్పుడే స్నానాలశాల నుంచి వచ్చిన మీ నాన్న గుమ్మంలో ఆగిపోయారు. గడియారం చూశారు, ఐదు దీపాలూ చూశారు. ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తారనుకున్నాను.

"మస్యూ, వెలిగే దీపాన్ని నా బల్ల మీంచి ఎవరూ తీసుకెళ్లరు. వెళ్లిరండి," అన్నారు. ఆయన వెళ్లాక నాకేసి తిరిగి, "గంట ముందు వెలిగించావు," అన్నారు.

"గంట పుణ్యం ఎక్కువ," అన్నాను.

మంగళవారం మళ్లీ వస్తానని కబురంపాడు. రానీ. ఆ రంపం ముందు నా వేళ్ల మీద ఆడాలని మీ నాన్నకు చెప్పేశాను.

ఇక నువ్వడిగిన మాట. లేదమ్మా, మీ నాన్న నీ పేరు ఎత్తలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర కూడా ఎత్తలేదు. సముద్రం వైపు కిటికీ తెరిచి ఉంది, గాలి లేచింది. నీ వంకర కొమ్మే కిటికీకి దగ్గర. దాని మంట పడుకుని లేస్తోంది, ఇంకో విసురుకు పోయేలా ఉంది. నేను లేచి మూసేదాన్నే. కావాలనే లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆయన ముద్ద పళ్లెంలో వదిలేసి లేచారు. కిటికీ మూశారు. గడియ వేసి, అది గట్టిగా పడిందో లేదో లాగి చూశారు. వచ్చి కూర్చుని, "చేపలో ఉప్పెక్కువైంది," అని కళ్లు తుడుచుకున్నారు.

ఉప్పు సరిగ్గానే ఉందమ్మా. నేను రుచి చూశాను.

ఇట్లు,
వచ్చే శుక్రవారం కూడా ఐదూ వెలిగించబోయే
మీ అమ్మ
సుల్తానా