అత్తయ్య ముక్కు, నా నాలుక

జూన్ 3, ఉదయం 10

ఇక మీదట బార్‌లో ఒక్కటే జిన్ అట. టానిక్‌లోకీ అదే, మార్టినీలోకీ అదే, చేదు నెగ్రోనీలోకీ అదే. నిన్న మీటింగ్‌లో టై చెప్పాడు. టై అంటే మా కొత్త మేనేజరు. ఎండలు మండిపోతున్నా మెడకి ఉరి బిగించుకునే వస్తాడు. ఐసు పడి, ఇంకోటి కలిశాక ఏ జిన్ అయితే ఏమిటి, తాగేవాడికి తేడా తెలిసి చచ్చిందా అన్నాడు.

నాకు తెలుస్తుంది అన్నాను.

తొమ్మిదేళ్లుగా ఆ కౌంటర్ వెనక నిలబడుతున్నాను. మెనూలో జిన్ పేజీ నాది. ఏ డ్రింక్‌కి ఏ జిన్నో ఒక్కొక్కటీ ఎంచి రాసింది నేను. ముక్కుసూటి మనిషిని కదా, అక్కడితో ఆగలేదు. కళ్లకు గంతలు కట్టి గ్లాసులు ముందు పెట్టండి, ఏది దేనికి పనికొస్తుందో చెప్తాను అనేశాను. ఓనరుగారికి సరదా పుట్టింది. ఇరవయ్యో తారీఖు సాయంత్రం నాలుగింటికి పరీక్ష. తప్పితే నా పేజీ పోతుంది, ఎంపిక టై చేతికి పోతుంది.

ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల పట్టిన జలుబు పోతూ పోతూ నా ముక్కుని కూడా తీసుకుపోయింది. పదకొండు రోజులుగా నాకు ఏ వాసనా తెలియడం లేదు.

జూన్ 4

ఉల్లిపాయలు కోశాను. కళ్లు ఏడ్చాయి. ముక్కు పట్టించుకోలేదు.

జూన్ 6, మధ్యాహ్నం

డాక్టరు దగ్గరికి వెళ్లాను. నెలలో రావచ్చు, ఏడాది పట్టవచ్చు, అసలు రాకపోవచ్చు అంది. ఓపిక పట్టాలట. ఓపిక! కోపం మాత్రం నా ముక్కు మీదే భద్రంగా ఉంది, అదెక్కడికీ పోలేదు.

బార్‌లో ఉన్న ఆరు జిన్నులూ తలా కాస్త ఖాళీ దగ్గుమందు సీసాల్లో పోసి, చీటీలు అంటించి ఇంటికి తెచ్చాను. అలమరలో నా ప్యాంట్ల వెనక దాచాను. అత్తయ్య కంట పడితే ఇంకేమైనా ఉందా! ఆవిడ లెక్కలో నాది హోటల్ ఉద్యోగం. బార్ అన్న మాట ఈ తొమ్మిదేళ్లలో ఆవిడ నోట రాలేదు. మా ఆయన ఓడలో వంటవాడు, ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ల మీదే. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నా యూనిఫాం చొక్కా లోపలికి రాకూడదు, బాల్కనీ తీగ మీదే ఉండాలి. ఉతికేది మాత్రం ఆవిడే, నన్ను కూడా ముట్టనివ్వదు. ఏం పంతమో!

జూన్ 9

పాలు మాడాయి. పొయ్యి పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను. అత్తయ్య బాల్కనీలోంచి పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది. గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. ఎన్నాళ్లయిందే అని అడిగింది. ఏమిటన్నాను. ముక్కు పోయి అంది. పదిహేడు రోజులు అని నోరు జారాను. నీ ఉద్యోగానికి ముక్కు కావాలా అంది. నా ఉద్యోగమే ముక్కు అన్నాను. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. భయమేసింది, నిజంగా. ఆవిడ గిన్నె అడుగు గోకుతూ కూర్చుంది.

జూన్ 10

కొంప మునిగింది. స్నానం చేసి వచ్చేసరికి ఆరు సీసాలూ తళతళలాడుతూ వంటింటి గట్టు మీద వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదానికీ చీటీ లేదు. అలమర సర్దుతుంటే కనబడ్డాయట. జిడ్డుగా ఉన్నాయని సబ్బు పెట్టి కడిగిందట. ఇంత దగ్గుమందు ఎందుకే అంది. అది దగ్గుమందు కాదు, జిన్ అని అరిచాను. ఏది ఏదో ఇప్పుడెలా తెలుస్తుంది, మీ శుభ్రం పాడుగాను అని కూడా అన్నాను. తర్వాత సిగ్గేసింది.

ఆవిడ చేతులు తుడుచుకుని మొదటి సీసా మూత తీసింది. మొహం చిట్లించి ఒక్కసారి పీల్చింది. ఇది నీ శనివారం చొక్కా అంది. రెండోది తీసి, ఇది సోమవారం చొక్కా అంది. మూడోది అరుదుగా వస్తుందట, వచ్చినప్పుడు కుడిచేతి మడత మీదే ఉంటుందట.

నేను ముక్కు మీద వేలేసుకున్నాను. శనివారం జనం జిన్ టానిక్ తప్ప వేరేది అడగరు. సోమవారం సోమవారం ఒక లాయరు వచ్చి మూడు నెగ్రోనీలు తాగి పోతాడు. మార్టినీ ఓనరుగారి స్నేహితులు వచ్చినప్పుడే. తొమ్మిదేళ్ల నా కౌంటరంతా ఆవిడ బకెట్లో ఉంది!

పెన్ను తీసి, వాసన ఎలా ఉందో చెప్పండి అన్నాను. శనివారంది అప్పుడే దంచిన ధనియాలట. సోమవారంది కొత్త చెక్క బీరువా తలుపు తీసినట్టుందట. మూడోది ఇస్త్రీ చేసిన దుప్పటి. నాలుగోది కీరా, ఐదోది నిమ్మతొక్క, ఈ రెండూ అప్పుడప్పుడూ తగులుతుంటాయట. ఆరోది మాత్రం ఏ చొక్కా మీదా లేదంది. నేల తుడిచే మందులా ఉందంది. నేనింకా కౌంటర్ మీద పొయ్యని జిన్ అదొక్కటే. అన్నిటికీ ఇదే చాలంటూ టై తెచ్చినది. పడీ పడీ నవ్వాను. ఎందుకో తెలియకుండానే ఆవిడా నవ్వింది.

జూన్ 13

నాలుక నాది, ముక్కు ఆవిడది. నాకు చేదు, తీపి, పులుపు, గొంతులో మంట తెలుస్తాయి. మిగతాదంతా ఆవిడ చెప్పాలి. తన పెదవికి మాత్రం చుక్క తగలనివ్వదు.

టానిక్‌కి ధనియాలు. అందులో ఇద్దరికీ పేచీ లేదు. నెగ్రోనీకి కొత్త బీరువా. అంత చేదు పక్కన నిలబడాలంటే కాస్త నోరున్న జిన్ ఉండాలి, కోడలిలాగా అంది. నన్నే అంది. మార్టినీకి ఇస్త్రీ దుప్పటి. అక్కడ గొడవైంది. నేనెప్పుడూ ఉప్పునీళ్లలో ఊరిన ఆలివ్ కాయ వేస్తాను. దుప్పటి మీద ఉప్పునీళ్లు పోస్తారా ఎవరైనా, నిమ్మతొక్క గిల్లి పడెయ్ అంది. గంటసేపు వాదించాను. ఓడిపోయాను. పేజీలో ఆలివ్ కొట్టేశాను.

జూన్ 16

టై ఎదురుపడి ప్రాక్టీసు ఎలా సాగుతోందని అడిగాడు. మీ జిన్‌తో మా ఇల్లు తుడుచుకుంటున్నాం అని నాలుక చివరిదాకా వచ్చింది. దాచుకున్నాను.

జూన్ 19

నాలుక మీద మంటని బట్టి రెండు గ్లాసులు పోల్చగలను. మిగతావి గుడ్డిదెబ్బ. గ్లాసులకి గుర్తులు పెట్టుకునే ఉపాయమూ ఉంది. వద్దు. దొంగతనంగా నిలబెట్టుకుంటే అది నా పేజీ ఎలా అవుతుంది? ఉన్నదున్నట్టు చెప్తాను. తీసేస్తే తీసెయ్యనీ.

రేపు మీరు నాతో రావాలి అన్నాను అత్తయ్యతో. బార్‌కా అంది. ఆ మాట ఆవిడ నోట! రానని అనలేదు. ఏ చెప్పులు వేసుకోవాలే అంది.

జూన్ 20, సాయంత్రం 6

ఒక్క మాటా మర్చిపోకముందే రాసేస్తాను.

నాకు ముక్కు లేదు అని మొదటే చెప్పేశాను. అయితే పరీక్ష అయిపోయినట్టే అన్నాడు టై. మరి పేజీ ఎవరు ఎంచారు అన్నారు ఓనరుగారు. అత్తయ్య ముక్కు, నా నాలుక అన్నాను. ఈవిడ జన్మలో ఎప్పుడైనా తాగారా అని టై నవ్వాడు. నువ్వు తాగావుగా, నీకేం తెలిసింది అంది అత్తయ్య.

గంతలు వద్దంది. కళ్లు మూసుకుంది. టై పోసి పెట్టిన ఆరు గ్లాసులు. ధనియాలు అంది. కీరా అంది. బీరువా అంది. నాలుగోది రెండుసార్లు పీల్చి, మిగతా రెండూ కూడా పీల్చి, నాలుగోదాన్ని తీసుకెళ్లి మొదటిదాని పక్కన పెట్టింది. ఇవి రెండూ ఒకటే, మా దుప్పటి ఎక్కడ దాచావు నాయనా అంది. టై మెడ ఎర్రబడింది. ఓనరుగారు అతని వంక చూసిన చూపు నేను బతికినంతకాలం మర్చిపోను.

తర్వాత మూడు డ్రింకులు నా జిన్నులతో కలిపాను, అవే మూడు టై జిన్‌తో కలిపాను. ఓనరుగారు నా మూడూ ఖాళీ చేశారు, టైవి మూడూ ఒక్కో గుక్కతో వదిలేశారు. పేజీ ఉంటుంది. మెనూలో ధనియాలు, బీరువా, దుప్పటి అని అత్తయ్య మాటలే వేస్తారట. నెలనెలా కొత్త సీసాలు వచ్చినప్పుడు ఆవిడ రావాలట. రాలేను, తీరిక లేదు అంది. అంటూనే, ఏ వారం అని అడిగింది.

ఇంటికొచ్చాక నా చొక్కా లోపలి కొక్కేనికి తగిలించింది.

జూలై 8, ఉదయం

వాసన వచ్చింది. ముందు సబ్బు. తర్వాత కొక్కేనికి ఉన్న చొక్కా. ధనియాలు, అప్పుడే దంచినవి. ఎంత కచ్చితంగా చెప్పింది! చొక్కాలో మొహం పెట్టుకుని ఏడ్చాను.

అత్తయ్యకి చెప్పను. చెప్తే, ఇంక నాతో పనేముందే అంటుంది. మళ్లీ బార్ గడప తొక్కదు. చెప్పనంటే చెప్పను.

జూలై 11

పొయ్యి మీద పాలు అడుగంటుతున్నాయి. నాకు తెలుస్తోంది. ఎదురుగా కూర్చున్న అత్తయ్యకీ తెలుస్తోంది. నా మొహం వంకే చూస్తోంది. ఇద్దరం లేవలేదు.