కాదుదాన్ సార్

అక్కా,

సైన్యంలో ఫిరంగి మోతకు పోయిన నీ మరిది చెవికి పింఛను మంజూరైంది! కోవిల్‌పట్టికి ఇవాళే ఉత్తర్వు వచ్చింది.

ఆరోజు వైద్య పరీక్షలో జరిగింది వింటే నవ్వి చస్తావు. డాక్టరు ఆంధ్రావారు. అరవనాట తెలుగువాళ్లు దొరికారని మురిసిపోయి, "ఈ చెవుడు ఫిరంగి మోతవల్లేనా, కాదా?" అని తెలుగులోనే అడిగారు. ఈయనకు చివరి మాటే వినబడింది. చెవి మీద చరుచుకుంటూ "కాదుదాన్ సార్, కాదుదాన్!" అని అరిచారు. డాక్టరు పాపం, కాదనే రాయబోయారు. నేను ఎగిరి ఆయన కలం పట్టుకున్నాను.

"అయ్యో, అరవంలో కాదు అంటే చెవి, కాదుదాన్ అంటే చెవే సార్! ఇది తెలుగు కాదు కాదు!"

గదంతా నవ్వులే.

నాకు మాత్రం ఇంకా అనుమానమే. ఉత్తర్వు చదివిందే చదివి, "నిజమేనా, కాదా?" అని పైకే అనేశాను. పక్కనుంచి ఈయన తన చెవి లాగి చూపిస్తూ, "కాదుదాన్!" అన్నారు.

నీ చెల్లెలు