గ్రేసమ్మ కేజు ఆట

గ్రేసమ్మా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నీ బడికొచ్చిన కొత్త టీచరమ్మ ఫోనులో ఇంగ్లీషు పాఠాలు చూపిస్తాది. పొద్దున నెట్ రాలేదని, నీ ఆట నేర్పమని నన్ను పిలిపించింది.

మూతబడిన గనిలో మేము దిగిన ఇనప లిఫ్టు, కేజు మాదిరి, సుద్దతో గడి గీసినాను. అందులో నిలబడి ఒక్క ఇంగ్లీషు వాక్యం తప్పులేకుండా చెబితేనే మిగతా పిల్లోళ్లు గంట కొట్టి పైకి తెస్తారు. నువ్వు ఎన్నిసార్లు పిలిచినా నేను దిగలేదు.

"మీరూ రాండి తాతా," అనింది ఒక కొత్త పాప.

మోకాళ్లు పట్టుకుని దిగినాను. "మై వైఫ్ ఈజ్ టీచర్."

"ఎ టీచర్, తాతా. 'ఎ' మింగేసినారు."

నువ్వూ దానికే కసిరేదానివి. సరిచేసి చెప్పినాను. గంట కొట్టినారు.

'ఈజ్' తప్పని ఆ పాపకు తెలీదు. నేను చెప్పలేదు.