ఒకే గడ కొరికినవాళ్లం

చెరకు ఫారం, బోధన్ దగ్గర
18-12-1968

అంజక్కకు తమ్ముడు మొక్కి రాసేది.

పది రోజుల కిందట నువ్వు గేటు దాకా వచ్చినా నేను కనబడలేదని అలిగావట, బాపు రాశాడు. "పొలంలకు పోయిండు" అని నీకు చెప్పించింది నేనే. అప్పుడు నాకు ఫ్లూ జ్వరం. ఆ మాట చెబితే నువ్వు ఆగవు, లోపలికే వస్తావు. నీ చంకలో ఆరు నెలల పిల్లవాడు.

కాలేజీ నుంచి ఇక్కడికి పని నేర్చుకోవడానికి వచ్చిన మా నలుగురికీ జ్వరం తగిలింది. తప్పు నాదే. తీపి ఎక్కిందో లేదో చూడమని మేస్త్రీ నర్సింలు గడ విరిచి ఇస్తే, ఒకడు కొరికి ఇంకొకడికి ఇచ్చేవాళ్లం. ముక్కు కారుతున్నా నేనూ కొరికి ఇచ్చాను. ఇప్పుడాయన ఎవరి ముక్క వారికి కోసిస్తూ, "మీ సదువులల్ల గిది లేదా బిడ్డా?" అంటున్నాడు.

జ్వరం పోయి వారమైంది. ఆకలి దంచుతోంది. నువ్విచ్చి పోయిన మురుకులు నాలుగు కాగితాల్లో పంచుకుని తిన్నాం.

ఆదివారం పిల్లవాణ్ణి ఎత్తుకుని రా. నువ్వు వచ్చిన రోజు బస్సెక్కేదాకా నిన్ను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నీ భుజం మీద నుంచి వాడు నన్ను చూసి నవ్వాడు. పాపం, నీకు చెప్పలేకపోయాడు.

నీ తమ్ముడు