అమావాస్య నాడు నేను చెప్పిన మిగతా మాట

రాములు నాయనా,

మన కొడుకు రాములు పెళ్లాం లక్ష్మి రాస్తున్నది. నా తిట్లు కూడా విడవకుండా రాయమన్నాను.

పట్టు వ్యాపారులంతా ఒక్కటై మనకు పట్టు ఆపినప్పుడు, వ్యాపారుల కుమ్మక్కుల మీద తీర్పిచ్చే ఢిల్లీ ఆఫీసు నుంచి ఒక సారు విచారణకు గద్వాల వచ్చాడు. ఆ రోజు అమావాస్య, మనం మగ్గం ముట్టం. మగ్గాలెందుకు ఆగాయని నన్నే అడిగాడు. నేను చెప్పింది రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. తరువాత ఆఫీసు ఏమని తీర్పిచ్చింది? అమావాస్య గనుక మగ్గాలు ఆగాయట, వ్యాపారుల తప్పు లేదట!

"అమావాస్య ముచ్చట నిన్నెవరు చెప్పమన్నరే? నీ నోరే కొంప ముంచింది" అని నువ్వు కన్నుమూసేదాకా అన్నావు.

మనవాళ్లు అప్పీలు వేసి ఆ సారు రాసుకున్న కాగితాలు అడిగారు. అవి తమ లోపలి కాగితాలు, చూపబోమని ఆఫీసు మొండికేసింది. నా వేలిముద్ర ఉన్న కాగితం నాకే చూపరట, వాళ్ల నోట్లో మన్నుపడ! మొన్న పైకోర్టు గట్టిగా చెబితే బయటపెట్టారు. ఇవాళ వకీలు ఇంటికొచ్చి చదివాడు.

"ఇయ్యాల అమావాస్య సారూ. గని పట్టు లేక నెల సంది మగ్గం గుంటల దిగలే. దుకాణాలోళ్లందరు ఒక్క మాట మీదున్నరు."

నేను అన్నది అన్నట్టే ఉంది. మొదటి మాట ఉంచుకుని మిగతాది ఆఫీసే దాచింది.

"ఇగ ఖుషేనా పెద్దమ్మా?" అన్నాడు వకీలు.

"ఖుషేంది సారూ? నన్ను తిట్టినోడు ఇనాలె గద!"

మొత్తం చెప్పానని ఆనాడే నీతో మొత్తుకున్నాను. ఆ ఆఫీసుకు నేనెవరో తెలియదు. ఇన్నేళ్లు నాతో ఒకే మగ్గం మీద బతికిన నువ్వెందుకు నమ్మలేదు?