బావగారి రైఫిల్లో తూటా

క్రాన్‌బర్న్,
ఆదివారం.

నాన్నగారికి,

మీ ఎల్సా వందనాలు. దేవుని దయవల్ల సోనియా అక్క, నాథన్ బావగారు, ఏతాన్, నేను ఇక్కడ కులాసా. మీరూ అమ్మా అక్కడ బాగున్నారని తలుస్తాను.

మీ ఉత్తరం బుధవారం అందింది. చలి గురించి అడిగారు. పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకాల్సివస్తోంది, అంతే. యూనివర్సిటీలో పరీక్షలు ఇంకో రెండు వారాల్లో ఉన్నాయి. ఏతాన్‌కి నాలుగేళ్లు నిండాయి కదా, మనవడు తెలుగు మాట్లాడుతున్నాడా అన్నారు. అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే.

దొంగ పడిన సంగతి మళ్లీ అడిగారు. బ్యాంకు గన్‌మ్యాన్ కూతురివి, ఇంట్లో బావగారి రైఫిల్ ఉండగా ఎందుకు తీయలేదని రాశారు. పోలీసులకి ఫోన్ చేసి, చేతికందినవి ఇచ్చి పంపేశానని మీకు చెప్పాను. అందులో అబద్ధం లేదు. కొంత చెప్పలేదు, అంతే.

రైఫిల్ తీశాను నాన్నా.

ఈ దేశంలో ఇంటి కాపలాకని తుపాకీకి లైసెన్స్ ఇవ్వరు. బావగారిది స్నేహితుడి పొలంలో కుందేళ్లు కొట్టడానికి తీసుకున్నది. నా గదిలోనే ఇనప బీరువాలో ఉంటుంది. తాళాలు ఎక్కడ పెడతారో ఒకసారి చూశాను. ఆ మధ్యాహ్నం అక్క నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంది. ఏతాన్ అక్క పక్కనే నిద్రపోతున్నాడనుకున్నాను. వెనక తలుపు అద్దం పగిలింది. పోలీసులకి ఫోన్ చేసి, బీరువా తెరిచి, రైఫిల్లో తూటా పెట్టి, దాని బోల్టు మూసి, అక్క గది ముందు నిలబడ్డాను.

ఆ మనిషి హాల్లోకి వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయేమో, చేతిలో స్క్రూడ్రైవరు. నన్ను చూసి ఆగిపోయాడు. నేను కాల్చడానికే ట్రిగ్గర్ మీద వేలు పెట్టాను. సోఫా వెనక బొమ్మ కార్లతో ఆడుకుంటున్న ఏతాన్ అప్పుడే లేచి, మా ఇద్దరి మధ్యకీ వచ్చి, "పిన్నీ, హూ ఈజ్ హీ?" అన్నాడు.

రైఫిల్ దించేశాను. బల్లమీదున్న అక్క కారు తాళాలు, నా లాప్‌టాప్ తీసుకుపొమ్మన్నాను. తీసుకుని వెళ్లిపోయాడు. పోలీసులొచ్చేలోపు రైఫిల్ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఫోన్లో చెప్పడానికి నోరు రానిది ఇది. తూటా తీయడం మరిచిపోయాను.

ఆ శనివారం బావగారు తుడుద్దామని రైఫిల్ బయటికి తీశారు. ఏతాన్ ఆయన మోకాలికి ఆనుకుని నిలబడ్డాడు. బోల్టు లాగితే తూటా నేలమీద పడింది. ఆయన దాన్ని ఏరి జేబులో వేసుకుని, ఏతాన్‌ని అక్కకిచ్చి, నా దగ్గరికొచ్చారు.

"ఎల్సా, నువ్వేనా?"

నేనేనన్నాను. బావగారు వెళ్లి వెనక మెట్లమీద కూర్చున్నారు.

సోమవారం ఇద్దరం పోలీసుస్టేషన్‌కి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. రైఫిల్ తీసేసుకున్నారు. తాళాలు అందేచోట ఉంచినందుకు బావగారి లైసెన్స్ పోవచ్చు. నామీద కేసు పెడతారో, వీసాకి అడ్డమవుతుందో ఇంకా తెలీదు. యూనివర్సిటీ తరఫున ఒక లాయరుగారు చూస్తున్నారు. అక్క వారం రోజులు నాతో మాట్లాడలేదు. మొన్న అన్నం తిన్నావా అని అడిగింది.

రిటైరయ్యాక అమ్మకి ధైర్యంగా ఉంటుందని ఇంట్లో తుపాకీ లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టుకుంటానని రాశారు. మీరు తూటా మరిచిపోయే మనిషి కారు, నాకు తెలుసు. నేనూ కాదనే అనుకున్నాను. ఆదివారం చర్చి అయ్యాక అన్నయ్య పిల్లలిద్దరూ మనింట్లోనే కదా ఆడుకునేది. వద్దు నాన్నా.

ఇట్లు,
మీ చిన్నమ్మాయి
ఎల్సా