పుణ్యవతి కట్టించిన ఇల్లు

గోపన్‌పల్లి, ఫిబ్రవరి 1974

పూజ్యులైన అన్నయ్యకు పుణ్యవతి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం కులాసా.

నేనో ఇల్లు మొదలుపెట్టాను. పట్నంలో పిల్లల పార్కులో ఒక బొమ్మ ఇల్లు చూశాను. మెలికల మెట్లు, గుండ్రటి కిటికీలు, కప్పు మీంచి జారుడుబండ! అలాగే గీసిస్తే కొత్తగూడ బాలనర్సయ్య చేస్తున్నాడు. అమ్మ గొలుసు దీనికే వాడేశాను, కోప్పడకు.

నీ చెల్లెలు

తా.క. గోడలు రేకంత పల్చన. ఎంత ముద్దుగా ఉన్నాయో!

కాకినాడ

చి.ల.సౌ. పుణ్యవతికి పట్టాభిరామయ్య ఆశీస్సులు.

నీ కార్డు చూసి అన్నం సయించలేదు. గొలుసు పోతే పోయింది, రేకంత గోడలేమిటి? గాలివానొస్తే? బావగారు ఆఫీసుకి జారుతూ వెళ్ళాలా? ఆ బాలనర్సయ్య ఇదివరకు ఎన్ని ఇళ్ళు కట్టాడో అడుగు. చంటిదాన్ని అటు పోనివ్వకు.

మీ అన్నయ్య

తా.క. మరుగుదొడ్డి ఎటువైపని మీ వదిన అడుగుతోంది.

గోపన్‌పల్లి

అన్నయ్యకు నమస్కారాలు.

నీ హాస్యానికి ఇద్దరం పడీపడీ నవ్వాం. బాలనర్సయ్యనడిగితే, "గిసొంటి ఇల్లు ఎన్నడు కట్టలే అమ్మా, ఇదే మొదటిది. జర ఓపిక పట్టుండ్రి" అన్నాడు. నువ్వు భయపడ్డట్టే అయింది. చంటిది లాగేసరికి మెట్లన్నీ ఊడొచ్చాయి! మళ్ళీ అతికాడు. నడిచినప్పుడు ఇల్లు కాస్త ఊగుతుంది, అదే దాని అందం.

పుణ్యవతి

తా.క. మరుగుదొడ్డి లేదు. చోటు చాలలేదు.

కాకినాడ

పుణ్యవతీ,

నడిస్తే ఊగే ఇంట్లో ఎలా ఉంటారే? కూలగొట్టించమని మీ సర్పంచిగారికి ఉత్తరం వేశాను. నన్ను తిట్టుకున్నా సరే, మీరు ప్రాణాలతో ఉంటే చాలు.

అన్నయ్య

తా.క. ఈలోగా ఎవరూ జారకండి.

గోపన్‌పల్లి

అన్నయ్యా, నమస్కారం.

పొద్దున్నే సర్పంచి లింగమూర్తిగారు గడ్డపారల మనుషులతో వచ్చారు. "ఏందమ్మా, కూలేటట్టున్న ఇల్లేది? మీ అన్న మస్తు పరేషాన్ల ఉన్నడు" అన్నారు.

"నా మెళ్ళో ఉందండీ" అని చూపించాను.

బాలనర్సయ్య కంసాలి, అన్నయ్యా! ఇల్లంటే లాకెట్టు, బొటనవేలంత లేదు. కొత్తరకం నగల ప్రదర్శనకని నేనే గీశాను. సర్పంచిగారు నవ్వి నవ్వి అరుగు మీద చతికిలబడ్డారు. ముందే వివరంగా రాయాల్సింది, నిన్ను ఎంత భయపెట్టానో! అమ్మ పోయాక ఆ గొలుసు ఇన్నాళ్ళూ పెట్టెలో పడుంది. ఇప్పుడు చంటిది ఆ బుల్లి తలుపు వేలితో తీసి "అమ్మమ్మా!" అని పిలుస్తోంది.

నీ పుణ్యవతి

తా.క. సర్పంచిగారి భార్య సత్తెమ్మగారు తనకీ ఒకటి కావాలన్నారు, గొడ్ల కొట్టంతో సహా.

కాకినాడ

చి.ల.సౌ. పుణ్యవతికి దీవెనలు.

అమ్మయ్య! ఉత్తరం బిగ్గరగా చదివాను. తలుపు దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంటే మిగతాది మీ వదిన చదివింది. ఇవాళ కడుపునిండా తిన్నాను. అమ్మ బంగారం నీ మెళ్ళో ఊగుతోంది, ఊగనీ.

మీ అన్నయ్య

తా.క. కొత్తింట్లో వేసవంతా ఉండొస్తానని వీరలక్ష్మి పిన్ని పిల్లాజెల్లాతో ప్రయాణం కట్టింది. ఇల్లు నీ మెళ్ళో ఉందని చెప్పాను. "రావద్దంటే మానేస్తాంగా, ఇంత అబద్ధమా!" అని పెట్టెలు విప్పేసింది. బతికిపోయావు.